పిల్లలకోడిని తిరిగి మందలో కలుపు విధానము

పెరటిలో పది కోళ్లు మేపుకొను ఇండ్లలో కోడిని పొదుగవేయుట అందరికిని తెలిసిన పనియే. మంచి గ్రుడ్లు ఏరుట, గంపలో వరిగడ్డి పరచుట, 21 దినములు లెక్కపెట్టుట మన ఇండ్లలోని స్త్రీలకు ఎవరును నేర్పనక్కరలేదు. 12 గ్రుడ్లు పెట్టినచోట 10 పిల్లలు దిగుటయు అరుదు కాదు. అయినను రెండు నెలలు గడచిన పిమ్మట అదే పెరటిలో నాలుగో అయిదో పిల్లలు మాత్రమే తిరుగుచుండుట తరచుగా చూచుచుందుము. అడిగినచో "గద్ద తన్నుకుపోయింది, తెగులు తగిలింది" అని చెప్పుదురు. అది కొంతవరకు నిజమే. కాని ఈ నష్టములో ఒక భాగము గద్ద వలనను, తెగులు వలనను కలిగినది కాదు. తల్లిని, పిల్లలను తక్కిన కోళ్లలో కలిపిన తీరు వలన కలిగినది. ఈ భాగమును ప్రతి రైతు కుటుంబము తన చేతులతోనే ఆపుకొనగలదు. దీనికి ఒక వెదురు తడిక, ఒక గంప, రోజుకు కొంత సేపు కనిపెట్టి చూచు ఓపిక ఉన్నచో చాలును.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా ఇంటిలోనే ఈ పాఠము నేర్చుకొంటిని. మా అమ్మ పొదుగవేసిన ఎర్రపెట్టకు 11 పిల్లలు దిగినవి. వాటిని పెంచి సంక్రాంతికి అమ్మి, ఆ డబ్బు మా చెల్లెలి కళాశాల రుసుముకు కలుపవలెనని ఆమె లెక్క. కాలేజీలో చదివి వచ్చినవాడిని గదా అని నేను సలహా చెప్పితిని. తక్కిన కోళ్ల కంట పడకుండ, గొడ్ల సావిడి ప్రక్క గదిలో తల్లిని, పిల్లలను తలుపు మూసి పెంచినచో ఏ భయము ఉండదంటిని. అట్లే 45 దినములు పెంచితిమి. ఒక్క పిల్లయు చావలేదు. నాకు గర్వము కలిగినది.

46వ దినమున ఉదయము మేత వేయు వేళ తలుపు తీసితిని. ఎర్రపెట్ట పెరటిలో అడుగు పెట్టగానే ముగ్గురు పగవారి మీదికి వచ్చినట్లు మూడు పెద్దపెట్టలు దానిమీదికి దూకినవి. జుట్టు నెత్తురు కారగా అది జొన్నచొప్ప వామి వెనుకకు పారిపోయినది. తల్లి చాటు తప్పిన పిల్లలు నలుదిక్కులకు చెదరినవి. మూడు పిల్లలు తలమీద పొడుపు తిని చచ్చినవి. ఒకటి కుడితి తొట్టిలో పడినది. రెండింటిని కాకులు ఎత్తుకొనిపోయినవి. సాయంత్రమునకు మిగిలినవి 5. మా అమ్మ నన్ను తిట్టలేదు. "ఒరే నాయనా, నువ్వు దాన్ని కాపాడలేదురా, పెరటికి కానిదాన్ని చేశావు. నలభై అయిదు రోజులు కంటికి కనబడనిది ఇంటి కోడి ఎట్లా అవుతుంది?" అని మాత్రము అన్నది.

ఆ మాటలోనే ఈ వ్యాసములోని ముఖ్య విషయమంతయు ఇమిడియున్నది. పిల్లలకోడిని కాపాడుట యనగా దాచుట కాదు. తక్కిన కోళ్లకు కనబడునట్లు ఉంచి, అందకుండునట్లు కాచుట.

కోళ్లలో పెద్దరికము

కోళ్ల మందలో ప్రతి కోడికిని ఒక స్థానము కలదు. అన్నిటికంటె పైనున్న కోడి దేనినైనను పొడువవచ్చును. దాని తరువాతిది ఆ ఒక్కదానికి మాత్రము లొంగి, తక్కినవానిని పొడుచును. అన్నిటికంటె క్రిందనున్నది అందరి పొడుపులును సహించి, అందరును తిన్న పిమ్మట తినును. నార్వే దేశీయుడగు షెల్డెరూప్-ఎబ్బె అను శాస్త్రజ్ఞుడు కోళ్లను చిన్ననాటి నుండి గమనించి, 1920వ దశాబ్దపు ఆరంభమున ఈ 'పొడుపు వరుస'ను గూర్చి మొదటిసారిగా వివరించి వ్రాసెను.

ఈ వరుస స్థిరపడియున్నంతకాలము పెరడు ప్రశాంతముగా నుండును. ఒక చిన్న చూపుతో, ఒక్క పొడుపుతో తగవు తీరిపోవును. క్రొత్త కోడి వచ్చినప్పుడును, పాత కోడి చాలకాలము కనబడక తిరిగి వచ్చినప్పుడును ఈ వరుస మరల కుదురవలసి యుండును. అప్పుడే పోట్లాటలు జరుగును.

కోళ్లు ఒకదానినొకటి ముఖ్యముగా తలను, జుట్టును చూచి గుర్తుపట్టును. పొదుగుకు కూర్చున్న పెట్టకు మేత తగ్గును, గ్రుడ్లు పెట్టుట ఆగును, ఎర్రని జుట్టు ముడుచుకొని పాలిపోవును. కొన్ని వారములు చాటున ఉండి ఇట్టి మారిన ముఖముతో బయటికి వచ్చిన పెట్టను తోటి కోళ్లు పరాయి కోడిగనే భావించును. అందుచేత మనము చేయవలసిన దేమనగా, ఆ గుర్తు చెరిగిపోకుండ చూచుటయే.

పొదుగు కాలముననే ప్రారంభింపుడు

పొదుగు పెట్టకు నిశ్శబ్దముగా, చీకటిగా నుండు మూల కావలెను. తక్కిన పెట్టలు గ్రుడ్లు పెట్టు గూటిలోనే దానిని ఉంచరాదు. ఉంచినచో అవి దానిని త్రోసి గ్రుడ్లు పెట్టును, పొదుగు గ్రుడ్లు పగులును. కాబట్టి గంపను వేరుగా పెట్టుట మంచిదే.

అయితే మంచి పొదుగు పెట్ట రోజునకు ఒకసారి, సుమారు 15 నుండి 20 నిమిషముల సేపు గూడు దిగి మేత తిని, నీరు త్రాగి, రెట్ట వేసి, దుమ్ములో పొర్లి తిరిగి వచ్చును. ఈ కొద్దిసేపు దానిని పెరటిలో తోటి కోళ్ల మధ్యనే తిరుగనిండు. మేతను గూటిలోనికే అందించి దానిని కదలకుండ చేయుట మేలు చేయుట కాదు. రోజును ఒకసారి కనబడు కోడిని మంద మరచిపోదు.

పొదుగ వేయుటకు ముందే పెట్ట రెక్కల క్రిందను, ముడ్డి చుట్టును ఈకలు విప్పి పేలు, గోమార్లు ఉన్నవేమో చూడుడు. ఉన్నచో పశువైద్యుని సలహాతో మందు వాడి వానిని పోగొట్టిన పిమ్మటనే గ్రుడ్లమీద కూర్చుండబెట్టవలెను. తల్లి మీది పురుగులు పిల్లలు దిగిన నాడే వాటిమీదికి ప్రాకును.

మొదటి వారము: గంప క్రింద

పిల్లకు మొదటి వారమున సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున అవసరము తగ్గుచుండును. ఈకలు పూర్తిగా వచ్చుటకు 5, 6 వారములు పట్టును. అంతవరకు తల్లి రెక్కలే దానికి కుంపటి. అందువలన తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట చెదరుట అన్నిటికంటె పెద్ద ప్రమాదము. పొడుపు వలన చావని పిల్ల చలి వలన చచ్చును.

రెండు మూడు దినములు తల్లిని, పిల్లలను గాలి తగలని చోట కదల్పక ఉంచుడు. తరువాత పగటివేళ ఎడముగా అల్లిన పెద్ద గంప క్రింద పెట్టి పెరటిలోనే, కోళ్లు తిరుగుచోటనే నీడన ఉంచుడు. తక్కిన కోళ్లు వచ్చి గంప చుట్టును తిరుగును. తల్లి ఈకలు విరియబోసి బుసకొట్టును. రెండు మూడు దినములలో చుట్టు తిరుగుట తగ్గిపోవును. నీడ జరిగినకొలదిని గంపను జరుపుట మరువకుడు. ఎండలో విడిచిన గంప క్రింద కొద్దిసేపటిలోనే పిల్లలు సొమ్మసిల్లును. గంప మీద బరువైన రాయి ఉంచినగాని కుక్క, పిల్లి దానిని త్రోయకుండ ఉండవు.

ఈ వారముననే, 5 నుండి 7వ దినము లోపల కొక్కెర తెగులుకు మొదటి టీకా చుక్కను కంటిలో గాని ముక్కులో గాని వేయింపవలెను. 4వ వారమున ఇంకొకసారి చుక్కల మందును, 6 - 8 వారముల మధ్య ఆర్ 2 బి అను సూదిమందును, మశూచి టీకాను పశువైద్యశాలలో విచారించి వేయించుడు. మందలో కలిసిన తరువాత టీకా వేయింతములెమ్మని వాయిదా వేయుట తగదు.

రెండు, మూడు వారములు: తడిక చాటున

పెరటిలో ఒక ప్రక్క గోడను ఆధారము చేసికొని వెదురు తడికతో గాని, పాత వలతో గాని చిన్న ఆవరణ కట్టుడు. నాలుగు మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు ఉన్నచో ఒక తల్లికి, పది పిల్లలకు చాలును. పైన కూడ వల కప్పవలెను. లేనిచో కాకి, గద్ద దిగును. అడుగున పొడి ఊక గాని ఇసుక గాని పోయుడు. మూడు నుండి ఆరు వారముల వయస్సులో పిల్లలకు రక్తపారుడు వ్యాధి తగులు భయము ఎక్కువ. నేల చెమ్మగా ఉన్నచోట ఈ వ్యాధి విజృంభించును. తడిసిన ఊకను ఏ రోజున కా రోజు తీసివేయుడు.

తడికకు ఇటు తల్లి పిల్లలకు, అటు తక్కిన కోళ్లకు ఒకే వేళను మేత వేయుడు. ఇరుపక్షములును పక్కపక్కనే తినుట అలవాటగును. మధ్య తడిక ఉన్నందున పొడుపు తగులదు. అలవాటు మాత్రము కుదురును. ఈ పద్ధతిలో పెద్ద రహస్యము ఇదియే.

మూడవ వారము చివర తడిక అడుగున నాలుగు వ్రేళ్ల వెడల్పుగల సందు ఒకటి రెండు చోట్ల విడువుడు. పిల్లలు అందులోనుండి బయటికి పోయి, పెద్ద కోడి తరిమినచో తిరిగి లోపలికి దూరును. పెద్ద కోడికి ఆ సందు పట్టదు. పిల్లలు తప్పించుకొను దారిని తామే నేర్చుకొనును.

నాలుగవ వారము: సాయంత్రపు విడుదల

తల్లి పిల్లలను బయటికి విడువవలసినది ఉదయము మేత వేళ కాదు. ఆకలిగొన్న మందలో మేత దగ్గరనే తగవులు ఎక్కువ. ప్రొద్దుగ్రుంకుటకు ఒక గంట ముందు విడువుడు. అప్పటికి తక్కిన కోళ్లు కడుపునిండ తిని, గూటికి చేరు ధ్యాసలో ఉండును. పోట్లాడుటకు ఓపికయు ఉండదు, వ్యవధియు ఉండదు. ఆ గంట సేపు ఇంటివారిలో ఒకరు అక్కడనే ఏదో ఒక పని పెట్టుకొని కనిపెట్టియుండవలెను.

మూడు నాలుగు దినములు ఇట్లు గడచిన తరువాత రెండు గంటలు, ఆ పిమ్మట మధ్యాహ్నము నుండి, అయిదవ వారమున పగలంతయు విడువవచ్చును. రాత్రి మాత్రము తల్లిని, పిల్లలను వాటి గంపకే చేర్పుడు. పెద్ద గూటిలో చీకటిలో త్రొక్కిడి పడి పిల్లలు నలిగిపోవును. ఒంటరి పెట్టను రాత్రివేళ గూటిలో కలుపుట కొందరి అలవాటు. పిల్లలున్న తల్లికి ఆ ఉపాయము పనికిరాదు. పిల్లలు రెండు నెలలవై, తామే దూలము మీదికి ఎగురుటకు ప్రయత్నించినప్పుడు పెద్ద గూటికి మార్పవచ్చును.

తల్లి పిల్లలను ఎప్పుడు విడుచును?

నాటుపెట్ట సాధారణముగా ఆరు వారములు మొదలు మూడు నెలల లోపల పిల్లలను విడుచును. దాని జుట్టు మరల ఎర్రబడును, గ్రుడ్లకు వచ్చును, వెంటవచ్చు పిల్లలను తానే పొడిచి తరుమును. అంతవరకు పిల్లల తరఫున పోరాడు తల్లి ఆ నాటి నుండి వాటికి అడ్డము రాదు. కాబట్టి పిల్లలు మందలో కలియవలసినది తల్లి అండ ఉన్న కాలముననే. తల్లి విడిచిన పిమ్మట కలుపవచ్చునని ఆగినచో ఆ పని మరింత కష్టమగును. నేను 45 దినములు ఆగి చేసిన తప్పులో ఇదియు ఒక భాగము.

దేనిని చూచి ఊరకుండవలెను, దేనికి అడ్డము పోవలెను?

ఒక పొడుపు, ఒక తరుము, ఓడినది తప్పుకొని పోవుట, ఇంతటితో తగవు ముగిసినచో మీరు జోక్యము చేసికొనకుడు. ఆ తగవు తీరనిదే వరుస కుదరదు. అట్లుగాక, ఒక కోడిని మూల కొత్తి వదలక పొడుచుచున్నను, పిల్లల తలలమీద పొడుచుచున్నను, నెత్తురు కనబడినను వెంటనే విడదీయవలెను. నెత్తురు చూచిన కోళ్లన్నియు ఆ గాయము మీదనే పొడుచును. గాయపడినదానిని వేరుచేసి, గాయము కడిగి, పసుపు కలిపిన వేపనూనె రాసి, మానిన తరువాతనే తడిక చాటున మరల మొదలుపెట్టుడు.

సాధారణముగా ఒకటి రెండు పెట్టలే ఎక్కువ అల్లరి చేయును. అట్టిచో పిల్లల తల్లిని తీసివేయకుడు. ఆ అల్లరి పెట్టనే మూడు నాలుగు దినములు కనబడనిచోట వేరుగా మూయుడు. తిరిగి వచ్చునప్పటికి దాని పెద్దరికము సన్నగిల్లును, అప్పటికి తల్లి కుదుటపడును. పుంజు సాధారణముగా పిల్లల జోలికి పోదు, పెట్టల తగవులకు అడ్డము కూడ పోవును. అయినను మొదటి దినములలో దానిని కూడ గమనింపవలెను. ఇద్దరు పిల్లల తల్లులున్నచో రెండింటిని ఒకే ఆవరణలో ఉంచరాదు. ఒకదాని పిల్లలను మరియొకటి పొడిచి చంపవచ్చును.

మేత విషయము

మంద అంతయు కలిసిన తరువాత మేత దగ్గర ఒక చిక్కు వచ్చును. గ్రుడ్ల కోళ్లకు అమ్ము దాణాలో కాల్షియము నూటికి 3 నుండి 4 పాళ్ల వరకు ఉండును. ఎదుగు పిల్లలకు ఒక పాలు చాలును. పెద్దకోళ్ల దాణాను పిల్లలు నిత్యము తినినచో వాటి మూత్రపిండములు చెడును. కాబట్టి కలిసి తిరుగు కాలమున అన్నిటికి పిల్లల దాణాను గాని, నూకలు, తవుడు, చెక్కపొడి కలిపిన ఇంటి మేతను గాని వేసి, గ్రుడ్లుపెట్టు పెట్టల కొరకు ఆల్చిప్పల గుల్లను వేరు మూకుడులో ఉంచుడు. కావలసిన కోడి దానిని తినును, పిల్లలు దాని జోలికి అంతగా పోవు.

మేత ఒకే పళ్లెములో వేయరాదు. మూడు నాలుగు చోట్ల, ఒకదాని కొకటి కనబడనట్లు చాటుగా వేయుడు. వరుసలో క్రిందనున్నది ఒకచోట తరుమబడినను మరియొకచోట తినును. నీరును రెండుచోట్ల, పిల్లలు పడి మునుగనట్టి లోతులేని మూకుళ్లలో గులకరాళ్లు వేసి ఉంచుడు. కుడితి తొట్టిపై మూత వేయుడు.

సంతకోడి సంగతి వేరు

ఇంతవరకు చెప్పినది మీ ఇంటి కోడిని గూర్చి మాత్రమే. సంతలో కొన్న కోడికి, చుట్టములు ఇచ్చిన కోడికి ఇది వర్తింపదు. పైకి ఆరోగ్యముగా కనబడు కోడియే తెగులును మోసికొని రావచ్చును. దానిని మూడు వారములు మీ కోళ్లకు దూరముగా, వేరు మేత పాత్రలతో ఉంచి, జబ్బు లక్షణము లేదని తేలిన పిమ్మటనే తడిక చాటుకు తెచ్చి, పైన చెప్పిన క్రమమున కలుపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు తేలిన సంగతి మీకు జ్ఞాపకముండును. కోళ్లు కారణము తెలియక ఒక్కసారిగా చచ్చుచున్నచో వానిని కోసి తినక, కాలువలో పారవేయక, వెంటనే పశువైద్యశాలకు తెలియజేయవలెను.

నాటుపెట్ట విలువ

వనరాజా, గ్రామప్రియ వంటి మేలురకపు పెరటి కోళ్లను హైదరాబాదులోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించినది. ఇవి గ్రుడ్లు ఎక్కువ పెట్టునుగాని పొదుగుకు సాధారణముగా కూర్చుండవు. వాటి గ్రుడ్లు ఇంటిలోనే పొదిగింపవలెనన్నను నాటుపెట్టయే దిక్కు. కరెంటు లేకుండ, కుంపటి లేకుండ పది పిల్లలకు వెచ్చదనమును, కావలిని ఇచ్చు తల్లిని మందకు దూరము చేసి పోగొట్టుకొనుట ఇంటికి నష్టము.

గ్రామోద్యోగులకు ఒక మాట

గ్రామములలో పనిచేయు వ్యవసాయ, పశుసంవర్ధక సహాయకులు ఈ పద్ధతిని ఉపన్యాసముగా చెప్పుటకంటె, ఊరిలో ఒక ఇంట తడిక కట్టించి చూపించుట మేలు. కోళ్ల పని చూచుకొనునది ఇంటి ఇల్లాలు గనుక ఆమెతోనే మాట్లాడవలెను. ఆమె చేయుచున్న పనిలోని మంచిని ముందు తెలిసికొనవలెను. నేను అట్లు చేసియుండినచో మా అమ్మకు ఆరు పిల్లలు నష్టము కాకపోయెడివి.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పొదుగు కాలమున పెట్టను రోజుకు ఒకసారి తోటి కోళ్లలో తిరుగనిండు.
2. మొదటి వారమున పెరటిలోనే గంప క్రింద, నీడన ఉంచుడు. టీకా మరువకుడు.
3. రెండు, మూడు వారములు తడికకు ఇరువైపుల ఒకే వేళ మేత వేయుడు.
4. నాలుగవ వారమున సాయంత్రము ఒక గంటతో మొదలుపెట్టి క్రమముగా పెంచుడు.
5. తల్లి అండ ఉండగనే పిల్లలను మందలో కలుపుడు.
6. నెత్తురు కనబడినచో విడదీయుడు. అల్లరి పెట్టనే వేరుచేయుడు.
7. మేత మూడు నాలుగు చోట్ల, నీరు రెండుచోట్ల ఉంచుడు.

మరుసటి సంవత్సరము మా అమ్మ తన పద్ధతిలోనే, గంపతోను తడికతోను, అదే ఎర్రపెట్టను మందలో కలిపినది. ఆ సారి 10 పిల్లలు దిగినవి, 9 పెరిగినవి. ఒకదానిని గద్ద తన్నుకొనిపోయినది. ఈ సారి మీ ఇంట కోడిని పొదుగవేసినప్పుడు పిల్లలు ఎన్ని దిగినవో గోడమీద బొగ్గుతో వ్రాయుడు. దాని ప్రక్కనే 60వ దినమున ఎన్ని మిగిలినవో వ్రాయుడు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత తగ్గినదో అదియే మీ పెంపకమునకు సరియైన కొలత.